పదిహేడో రాయి

బద్రీనాథ్ తన కందుల దుకాణం షట్టరు ఎత్తేసరికి, గడప పక్కనున్న మైసమ్మ ముందు ఎవరో ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

అసలే బద్రీనాథ్ మనసు మనసులో లేదు. ముప్పై అయిదేళ్ల కిందట సంగారెడ్డి దాకా భూమి కింద రైలు వేస్తామని అంకెలు చెక్కిన గుర్తురాళ్లు పాతి, ఆ ఊసే మరిచిపోయారు. రైలు రాలేదు గానీ, ఆ లైను మళ్లీ వేస్తామని ఇప్పుడు నోటీసు వచ్చింది. పాత రాయి ఎక్కడ దొరికితే అక్కడ అటూ ఇటూ పది గజాలు కూల్చేస్తారట. సర్వేవాళ్లు పటాన్‌చెరు బజారంతా వెతుకుతున్నారు.

ముసలాయన మైసమ్మను వేళ్లతో తడుముతున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? బోణీ గాకముందే అమ్మోరిని ముట్టుకుంటున్నవ్."

"ఈ తల్లి ఎప్పుడు వెలిసింది సేటూ?"

"మా బాపు ఈ దుకాణం గట్టిననాడు. పునాది తీస్తుంటె బయటపడ్డది."

ముసలాయన నవ్వాడు. పళ్లెంలోని పసుపు పిడికెడు తీసి, తడిపి, రాయి నడుమ మందంగా మెత్తాడు.

బద్రీనాథ్‌కు ఒళ్లు మండింది. స్నానం చేశావా అన్నాడు, ఏ కులమన్నాడు. పదిమందీ చూస్తుండగా రెక్క పట్టి రోడ్డు మీదికి నెట్టాడు.

ముసలాయన తూలి, నిలదొక్కుకున్నాడు.

"రోజూ గిట్లనే మందంగ పుయ్యి సేటూ. వాన గొడితె కారిపోతది," అని వెళ్లిపోయాడు.

మైల పోవాలని బద్రీనాథ్ బిందెడు నీళ్లతో రాయిని కడిగాడు. ఏళ్లనాటి పసుపు పెళ్లలు పెళ్లలుగా ఊడింది. కింద చెక్కిన అంకె తేలింది.

పదిహేడు.

వెతుకుతున్న రాయి ఇదే. ముసలాయన దాన్ని తడిమి గుర్తుపట్టి పోయాడు.

బద్రీనాథ్ మళ్లీ పసుపు మెత్తాడు గానీ, రెండు రోజులు ముద్ద దిగలేదు. బాపు కట్టిన దుకాణం పోయినట్టే అనుకున్నాడు.

మూడోనాడు సర్వే అధికారి వచ్చాడు.

"మొన్న మీ దిక్కు ఒక పెద్దమనిషిని పంపినం. ఆ రాళ్లను గుర్తుపట్టేటోడు ఆయనొక్కడే మిగిలిండు. ఇగ మీ బజారు జోలికి రాము."

"ఆయన యాడున్నడు సార్?"

"నిన్ననే ఇంటికి పోయిండు. జిన్నారం దిక్కు ఏదో ఊరట."

అధికారి, ఆయన రాసిచ్చిన కాగితం చూపించాడు. రెక్క పట్టి నెట్టిన ఆ చేత్తోనే బద్రీనాథ్ దాన్ని అందుకుని చదివాడు.

'ఈ లైను రాళ్లన్నీ నా చేతులతో పాతినవే. పదిహేడో చోట రాయి లేదు, మైసమ్మ ఉన్నది. ఇట్లు, చిన్నరాములు, రిటైర్డ్ సర్వే చైన్‌మన్.'