పచ్చినీళ్లు

"ఇమ్యూనిటీ పెరుగుతుందని పొడి తాగించి నా పెళ్లాన్ని పొట్టన పెట్టుకున్నావు కదరా!" నీళ్లు పరీక్షించే ఉద్యోగి, నాటువైద్యుడైన బావమరిది మీద విరుచుకుపడ్డాడు.

"పోయింది మా అక్క, బావా. అక్కను చంపిన ఆ విరేచనాలు నా పొడివల్ల కావు."

"పచ్చినీళ్లతో తాగమన్నది నువ్వు కాదూ?"

"నేనే. కాచిన నీళ్లతో తాగితే గుణం పోతుంది. మీ వీధి నీళ్లు మంచివేనా అని ముందే అడిగాను. అక్క నీ సంతకమున్న రిపోర్టు చూపించింది. 'మీ బావ పరీక్ష చేసిన నీళ్లురా, భయమేంటి' అంది."

ఉద్యోగికి ఆ రిపోర్టు గుర్తొచ్చింది. ఆ నెల ఎండలో తిరగడానికి బద్ధకించి, అన్ని వీధుల నమూనా సీసాలూ ఆఫీసు కుళాయి దగ్గరే నింపేశాడు.

"ఏం బావా? రిపోర్టులో తప్పేమైనా ఉందా?"

"నా రిపోర్టులో తప్పా!" అతను మళ్లీ గొంతు పెంచాడు. "నీ పొడే చంపిందిరా దాన్ని."