దారికి అడ్డంగా ముళ్లకంప

శైలేందర్ సైకిలు ముందు చక్రం బుస్సుమని గాలి వదిలింది.

దారికి అడ్డంగా రేగుముళ్ల కంప. ఎవరో నరికి, ఈడ్చుకొచ్చి, కదలకుండా రాయి కూడా పెట్టారు.

పక్కన గట్టు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె అరచేతుల నిండా ముళ్లు గీరిన గీతలు.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా గుట్టల మీదుగా, అడవిలోంచి పోయే సైకిల్ దారి అది. బండ్లబాటలూ గొర్లబాటలూ కలిపి ఏడాదిగా శైలేందరే వెతికి పట్టుకున్నాడు. వచ్చే ఆదివారం తన సైకిల్ బృందాన్నంతా ఆ దారిన తీసుకుపోతానని చెప్పేశాడు. ఇవాళ బృందంలోని సాయిలతను తోడు తెచ్చుకుని చివరిసారి చూసుకోవడానికి వచ్చాడు. ఇంకా పొద్దు పొడవలేదు.

“ఎవలేసిండ్రవ్వా ఈ కంప?”

“నేనే ఏసిన.”

“ఎందుకు?”

“పొద్దెక్కినంక పోండ్రి బిడ్డా. గంతే.”

“ఎండలవడి ఈ గుట్టలెవడు తొక్కుతడు? ఈ దారేమన్న నీ పట్టానా?”

“కాదు.”

“మరేంది నీ బాధ?”

ఆమె మలుపు దగ్గరి మక్కచేను వైపు ఒకసారి చూసి, తల దించుకుంది.

శైలేందర్ జేబులోంచి నోటు తీసి చాపాడు. “ఇదేనా కావాల్సింది?”

ఆమె దాని వంక చూడలేదు. కంపను ఇంకాస్త దారిలోకి జరిపింది.

“ఊకో అన్నా. ఏదో ఉన్నది. అడిగి చూద్దాం,” అన్నది సాయిలత.

“ఏమున్నది? పైసల కత.” శైలేందర్ ఫోను తీసి ఆమె ముఖానికి దగ్గరగా పెట్టాడు. “చూడుండ్రి! మన అడవిల టోల్‌గేటు పెట్టిన ఓనరమ్మ!”

ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

పంక్చరు వేసుకునేసరికి పొద్దు పొడిచింది. ఆమె తనే లేచి, కంప పక్కకు లాగేసి వెళ్లిపోయింది.

“చూసినవా? కెమెరా పెట్టంగనే గేటు తెరిచింది,” అన్నాడు శైలేందర్.

సాయంత్రానికి వీడియో ఊరూరా తిరిగింది. ఆమె పేరు ఈరవ్వ అనీ, గుట్ట కింది ఊరేననీ ఎవరో రాశారు. ఊరి పెద్దమనుషులు ఆమెను పిలిపించి, ఊరి పరువు తీశావనీ, మళ్లీ కంప వేస్తే ఊరుకోమనీ గట్టిగా చెప్పారట.

“తీసెయ్ అన్నా ఆ వీడియో,” అని సాయిలత ఫోన్ చేసింది.

శైలేందర్ తీయలేదు.

ఆదివారం పొద్దు పొడవకముందే బృందం గుట్ట దిగింది. దారిలో కంప లేదు.

“టోల్‌గేటు ఎత్తేసిండ్రు!” అని అరిచాడు బృందంలోని జోయల్. అందరూ నవ్వారు.

శైలేందర్ బ్రేకులు వదిలేసి ముందుకు దూసుకుపోయాడు.

మక్కచేను మలుపు తిరగ్గానే దారి నడుమ ఈరవ్వ. రెండు చేతులూ చాచి నిలబడి ఉంది.

“జరుగు!”

జరగలేదు.

బ్రేకు నొక్కాడు. సైకిలు జారి ఆమెను గుద్దింది. ఇద్దరూ కింద పడ్డారు. ఆమె మోచేయి చీరుకుపోయింది.

శైలేందర్ లేచి, ఆమెను లేపి, భుజం పట్టుకుని కుదిపాడు. “పిచ్చి లేసిందా నీకు?”

“అన్నా... ముందల చూడు,” అన్నది వెనక వచ్చిన సాయిలత.

నాలుగడుగుల అవతల ఒక అడవిపంది చచ్చి పడి ఉంది. దాని కాళ్ల కింద సన్నటి తీగ. దారికి అడ్డంగా కట్టిన ఆ తీగ కొసను చేనులోని మోటరు కరెంటు లైనుకు తగిలించి ఉంది. పంది బొచ్చు ఇంకా కమురు వాసన వేస్తోంది.

ఎవరూ అడుగు కదపలేదు.

తన ప్రాణం ఎవరి వల్ల నిలిచిందో శైలేందర్‌కు తెలిసింది. ఆ సిగ్గు కప్పుకోవడానికి గొంతు పెంచాడు.

“ఈ తీగ ఎవలది?”

ఆమె చేను వైపు చూసింది. “నాదే.”

“నువ్వే పెట్టినవా?”

“నేనే పెట్టిన.”

“పందికూర కోసం మనుషులను సంపుతవా? గందుకేనా ఆ ముళ్లు?”

“గందుకే.”

“పోలీసులకు ఫోన్ కొట్టు జోయల్!”

బృందంలో ఫోన్లు పైకి లేచాయి. ఈసారి ఆమె కొంగు అడ్డం పెట్టుకోలేదు. తన ముఖం అందరికీ కనబడాలన్నట్టు ఆ ఫోన్ల వైపే చూస్తూ నిలబడింది.

మక్కచేను కదిలింది.

తీగ తీయడానికి పొడవాటి ఎండు వెదురుకర్రతో ఒక యువకుడు బయటికి వచ్చాడు. మనుషులను చూసి ఆగిపోయాడు.

“నీకిక్కడ ఏం పని? పో!” అని అరిచింది ఈరవ్వ.

అతను పోలేదు. ఆమె మోచేతి నుంచి కారుతున్న నెత్తురు చూశాడు. ఇంకా ఆమె భుజం మీదే ఉన్న శైలేందర్ చేయి చూశాడు. కర్ర కింద పడేశాడు.

“సారూ, మా అమ్మను ఏమనకుండ్రి. ఆ తీగ పెట్టింది నేను.”