కిందికి దిగిన గీత

“ఆగమ్మా, ఆగు! ఆ ఇంజెక్షన్ ఇవ్వకు!”

తలుపు తోసుకుని వచ్చిన తమ్ముణ్ణి చూసి మంచం మీది అక్క నవ్వింది. నర్సు సూదిని ట్రేలో పెట్టి, పక్కనే ఉన్న డాక్టరు వైపు చూసింది.

“కంగారు పడకండి డాక్టరుగారూ, మా తమ్ముడే,” అంది అక్క. “మీరంతా చదివే ఆ జాతీయ వైద్య పత్రిక లేదూ, దానికి సంపాదకుడు. ఏ మందు ఇస్తున్నారో ఊరికే ఫోన్లో చెప్పాను, అంతలోనే ఊడిపడ్డాడు. చిన్నప్పట్నుంచీ సూదంటే వీడికి హడల్.”

డాక్టరు ముఖం విప్పారింది. “మీరా సార్! నిన్న మీ ప్రసంగం విన్నాను. యాభై ఏళ్ళలో పత్రికలో ఏ రకం వ్యాసాలు పెరిగాయో, ఏవి తగ్గాయో తెర మీద గీతలు గీసి ఎంత బాగా చూపించారు! ఒకప్పుడు మూడోవంతు వ్యాసాలు ‘ఫలానా మందు పనిచెయ్యలేదు’ అనేవట. ఆ గీత దిగుతూ దిగుతూ వచ్చి, మీ హయాంలో నేలకి ఆనిపోయింది. వైద్యం అంత ముందుకెళ్ళిందని మీరనగానే హాలంతా చప్పట్లు!”

“అదలా ఉంచండి. అక్క కీళ్ళనొప్పులకి వేరే ఏదైనా ఇవ్వండి.”

“ఎందుకు సార్? దీని మీద మీ పత్రికలోనే తొమ్మిది వ్యాసాలొచ్చాయి. తొమ్మిదీ భేషని రాశాయి.”

“అయినా వద్దు.”

“కారణం చెప్పాలి కదా సార్. ఆవిడ నొప్పితో విలవిల్లాడిపోతున్నారు.”

సంపాదకుడు కళ్ళజోడు తీసి, తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

“చెప్పరా,” అంది అక్క.

“పదో వ్యాసం ఒకటి వచ్చింది. దీంతో నొప్పి తగ్గలేదని, పైగా కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాయని.”

డాక్టరు తన చేతిలో ఉన్న కేస్ షీట్ మంచం మీద పెట్టేశాడు. “నేను ఒక్క సంచిక కూడా వదలను సార్. ఎక్కడా చూడలేదే?”

“వెయ్యలేదు.”

“దాన్లో తప్పులున్నాయా?”

“వెతికించాను. ఒక్కటీ దొరకలేదు.”

“మరెందుకు వెయ్యలేదురా?” అక్క లేచి కూర్చోబోయి, మోకాలు కలుక్కుమనడంతో మళ్ళీ వెనక్కి ఒరిగింది. “చోటు లేకా?”

“పనిచెయ్యలేదని చెప్పే వ్యాసాలు ఎవరూ చదవరక్కా. పత్రిక చప్పబడిపోతుంది. అందుకని అలాంటివి తిప్పి పంపేస్తూ వచ్చాను.”

“అన్నీనా?”

అతను తలూపాడు. నిన్న అందరూ చప్పట్లు కొట్టిన ఆ గీత తనంతట తాను దిగలేదని ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది.

అక్క గొంతు పెంచలేదు. “ఊళ్ళోవాళ్ళ అక్కలకి ఈ సూది వేస్తుంటే నోరు మెదపలేదు. సొంత అక్క అనేసరికి పరిగెత్తుకొచ్చావన్నమాట.”

నర్సు తల తిప్పుకుంది. సంపాదకుడు అక్క ముఖం చూడలేక డాక్టరు వైపు తిరిగాడు.

“వచ్చే సంచికలోనే వేస్తాను డాక్టరుగారూ. రాసినాయన పేరు కూడా చూడలేదు నేను. ఎక్కడున్నా వెతికి పట్టుకుని, కాళ్ళు పట్టుకునైనా క్షమాపణ అడుగుతాను. కనీసం ఆయన దగ్గరికెళ్ళే రోగులైనా ఈ మందు నుంచి తప్పించుకుని ఉంటారు.”

డాక్టరు వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాడు.

“తప్పించుకోలేదు సార్. అంత పెద్ద పత్రిక నా వ్యాసాన్ని కాదందంటే పొరపాటు నాదేననుకుని, అప్పట్నుంచీ ఈ వార్డులో అందరికీ ఇదే ఇస్తున్నాను.”