గౌరి చేపాలంటే

“అమ్మో!” అంటూ యశోద బర్రె పొదుగు పక్కనే కూలబడింది. చేతిలోని బకెట్ దొర్లుకుంటూ వెళ్లి గోడకు కొట్టుకుంది. పాలు పిండడానికి గొంతుక్కూర్చోబోయిందంతే, కుడి తుంటి పక్కన కత్తి దించినట్టయింది.

చప్పుడు విని తోడికోడలు రుక్మాబాయి పరుగెత్తుకొచ్చింది. వచ్చి ముందు బకెట్ తీసి చూసింది.

“సొట్ట వెట్టినవ్ గదనే!”

“తుంటి పట్టుకున్నదక్కా. లేవొస్తలేదు.”

“ఎట్లొస్తది? నిన్న పేడ ఎత్తుమంటే నడుము నొచ్చె, ఇయ్యాల పిండుమంటే తుంటి. రేపేం నొస్తదో గది గూడ ఇప్పుడే చెప్పరాదు!”

యశోద భర్త అంజన్ ఆమెను చంకల కింద పట్టి లేపి, కొట్టంలోనే ఉన్న నులక మంచం మీదికి చేర్చాడు. వదిన ముందు నోరెత్తే అలవాటు అతనికి లేదు. దబీర్‌పురాలోని ఆ ఇంట్లో రుక్మాబాయి మాటే మాట.

అప్పుడే పాల కోసం డబ్బా పట్టుకుని పక్కింటి ఖుద్సియా వచ్చింది. ఆమె నర్సు. యశోద తుంటి పక్కన వేలితో నొక్కి చూసింది. యశోద మళ్లీ కెవ్వుమంది.

“బొక్క ఇరగలేదనే అనిపిస్తున్నది. తుంటి బొక్క మీద చిన్న నీళ్ల సంచి లెక్క ఉంటది, అది వాచినట్టున్నది. బర్సైటిస్ అంటరు. డాక్టర్‌కు చూపియ్యి అంజన్ భాయ్. అప్పటిదాంక బరఫ్, అదే ఐసుగడ్డ పెట్టుండ్రి. కింద కూసోవద్దు, ఆ పక్కకు పండొద్దు.”

“కుడి దిక్కు వాస్తే ఎడమ దిక్కు ఒరిగి పిండుమను,” అంది రుక్మాబాయి.

యశోదకు ఒళ్లు మండిపోయింది. నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. బర్రె వైపు చూస్తూ, “నాకే తగిలిందేందే గౌరీ!” అని గొణుక్కుంది. ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు.

గౌరి గట్టిగా అరిచింది. దూడ చచ్చిపోయిన బర్రె అది. యశోద పక్కన కూర్చుని పాట పాడితే తప్ప పాలు చేపదు, చుక్క కూడా కిందికి దిగనివ్వదు. పొదుగు రాయిలా బిగిసిపోయి ఉంది. పాలు తీయకపోతే వాపొచ్చి పొదుగే చెడుతుంది.

“జరుగుండ్రి, నేను పిండుత,” అని రుక్మాబాయి కూర్చోబోయింది. గౌరి కాలు విసిరింది. ఆమె పక్కకు తప్పుకుంది కాబట్టి సరిపోయింది.

“యశోద చీర కట్టుకో వదినా. వాసన చూసి ఊకుంటది,” అన్నాడు అంజన్.

“దాని చీర నేను గట్టాల్నా? థూ!”

అన్నదే గానీ కట్టుకోక తప్పలేదు. గల్లీలోని ఆడవాళ్లంతా డబ్బాలు పట్టుకుని అప్పటికే వాకిట్లో నిలబడ్డారు. పేడ మరకల చీర చుట్టుకుని, ముక్కు చిట్లించుకుంటూ వచ్చింది రుక్మాబాయి. గౌరి చీరను వాసన చూసింది. ఈసారి తన్నలేదు. అలాగని ఒక్క చుక్క వదల్లేదు. చెవులు నిక్కించి దేనికోసమో ఎదురుచూస్తూ నిలబడింది.

“పాట కోసం చూస్తున్నది,” అంది ఖుద్సియా. “రోజు మా గోడ అవతలికెల్లి వినొస్తది. మాటలు సమజ్ గావు గానీ, క్యా మీఠా గాతీ, ఎంత తియ్యగ పాడ్తదో!”

రుక్మాబాయి ఒక భజన ఎత్తుకుంది. గౌరి తోక కూడా ఊపలేదు. బతుకమ్మ పాట అందుకుంది. గౌరి తల తిప్పేసుకుంది.

“ఏం పాటనే అది?” రుక్మాబాయి మంచం మీదికి ఉరిమింది.

“యాదికి లేదు.”

“రోజు పాడేది యాదికి లేదా?”

“అది నీ నోటికి రాదక్కా. వద్దు.”

“సూషినవా అంజన్, నీ పెండ్లం కడుపుల ఎంత విషమున్నదో! నేనెక్కడ నేర్చుకుంటనో అని పాట గూడ దాసుకుంటున్నది.” రుక్మాబాయి ఫోన్ తీసింది. “చెప్తవా, బర్రెను అమ్మేయమంటవా? పొద్దుగూకేసరికి గిది ఈడ ఉండది.”

యశోద గౌరి వంక చూసింది. ఆ ఇంట్లో మనసులోని మాట చెప్పుకోవడానికి ఆమెకు గౌరి తప్ప ఇంకెవరూ లేరు.

“చెప్త. గానీ ఒక్క మాట మార్చినా అది చేపది. మన ఇంటికొచ్చిన కాడికెల్లి దానికి గదే పాట అలవాటు. పాడినంక నన్ను అనొద్దు.”

“అనను. మా అమ్మ మీద ఒట్టు. గిందరి ముందట గొంతెత్తి పాడ్త, సరేనా? జల్ది చెప్పు!”

రుక్మాబాయి మంచం మీదికి వంగింది. యశోద ఎడమ పక్కకు ఒరిగి ఆమె చెవిలో చెప్పింది.

రుక్మాబాయి మొహం నల్లబడిపోయింది. కొట్టడానికి చెయ్యి లేచింది కూడా. ఇంతలో గౌరి మళ్లీ అరిచింది. వాకిట్లో ఎవరో డబ్బా మీద మూతతో టంగుమని కొట్టారు. అంజన్, ఖుద్సియా ఇద్దరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు. ఒట్టు కూడా వేసేసింది మరి. ఇంకేం చేస్తుంది, పళ్లు నూరుకుంటూ వెళ్లి పొదుగు దగ్గర కూర్చుంది.

“మా ఇంటి రాకాసి రుక్మాబాయికి... తుంటి పట్టుకోవాలె గౌరమ్మా... లేవకుండ మంచాన పడాలె గౌరమ్మా...” అని ఆమె రాగం తీసిందో లేదో, బకెట్లో పాలధార చర్రుమంది.