ఫ్రిజ్ ఆపమాక

ఇళ్ళల్లోనే కాదు, మనుషుల గుండెల్లోనూ మోటార్లు తిరిగే కాలమది.

"ఫ్రిజ్ గరగరలాడతంది తమ్ముడూ. పెరట్లో ఉన్నా వినపడతంది," అంటూ సుబ్బరత్తమ్మ టీ పెట్టడానికి వంటింట్లోకి పోయింది.

మెకానిక్ కాశిం హాల్లో ఉన్న ఫ్రిజ్‌కు స్క్రూడ్రైవరు ఆనించి, పిడికి చెవి పెట్టాడు. మోటారు మెత్తగా తిరుగుతోంది, గరగర లేదు. ఆపి చూశాడు. ఏ చప్పుడూ లేదు.

ఆమె టీ తెచ్చింది. గరగర ఆమెతోపాటే వచ్చింది.

కాశిం తలెత్తి ఆమె గుండె వైపు చూశాడు. తన భార్య గుండెలో మోటారు ఆగిపోయే ముందు మూడు రోజులూ ఇదే గరగర విన్నాడు. ఆ గుండె మోటార్ల విడిభాగాలు రావడం మానేసి ఏడాదయింది. గబుక్కున ఫ్రిజ్ వేశాడు.

"అదిగో, అదే! నీ చెవులకేమన్నా తుప్పు పట్టిందా? ఇంకెన్నాళ్ళొస్తదంటావ్?"

"మనం పోయినా తిరగతానే ఉంటది. నువ్వు మాత్రం దాన్ని ఆపమాకక్కా," అన్నాడు కాశిం, టీ గ్లాసులోకి చూస్తూ.