ఆదివారం మెయిన్

పాత వంతెనను వరద ఎత్తుకుపోయిన మరుసటి ఏడు.

ఆదివారం పొద్దున్న, ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ కంప్యూటర్లాయన్ని ఆపేశాడు.

కంప్యూటర్లాయన్ని అందరూ నత్త అనేవారు. ఆయన వైరస్ స్కాన్ పెడితే కంప్యూటర్లన్నీ నత్తనడక నడిచేవి. భోజనాల వేళకు పెట్టినా గోలే. చివరికి ఆసుపత్రి పెద్దసారు స్కాన్ ఆదివారానికి మార్పించాడు.

కానీ శనివారం సాయంత్రం వాచ్‌మన్ కంప్యూటర్ల గది మెయిన్ స్విచ్ దించేస్తాడు. ఇరవై ఏళ్ల అలవాటు.

అందుకే నత్త ప్రతి ఆదివారం వచ్చి, మెయిన్ ఎత్తి, స్కాన్ అయ్యాక దించి పోయేవాడు. కొన్నాళ్లుగా మిగతా రోజుల్లో కనబడేవాడు కాదు. ఆయన డ్యూటీ అంతేననుకున్నాడు వాచ్‌మన్.

"ఇకనుంచి ఆదివారం ఎవర్నీ రానివ్వద్దన్నారు పెద్దసారు."

"రెండు గంటల పని, పెద్దాయనా."

"ఏసీలో కునుకు తీసే పనా?"

నత్త నవ్వాడు.

"సరే, నన్ను ఆపండి. మెయిన్ మాత్రం దించకండి. కరెంటుంటే స్కాన్ దానంతటదే నడుస్తుంది, లేకపోతే ఎలా నడుస్తుంది?"

"నాకు పాఠాలు చెప్పకండి సారూ. దించమన్నారు, దించాను."

"మీ ఆవిడ కడుపు ఫిల్ములు కూడా ఆ కంప్యూటర్లలోనే ఉన్నాయి."

"ఉంటే? కాళ్లొచ్చి పారిపోతాయా?"

నత్త కాసేపు గేటు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఏడు వారాలు గడిచాయి. ఒక శనివారం ఏ కంప్యూటరూ తెరుచుకోలేదు. వైరస్ లోపలివాటన్నిటికీ తాళం వేసేసింది.

డాక్టరమ్మ వాచ్‌మన్ భార్య కడుపు నొక్కి చూసింది.

"గడ్డ పెరిగిందో లేదో పాత ఫిల్ములుంటేనే తెలిసేది. ఇవాళ కొత్తది తీసి, మూడు నెలలాగి మళ్లీ చూడాలి."

"ఈలోగా పెరిగితే?"

డాక్టరమ్మ చేతులు కడుక్కుంది.

బయటికొచ్చాక వాచ్‌మన్ భార్యకు నత్త సంగతి చెప్పాడు.

"బాగా కాశావు గేటు," అందామె.

సాయంత్రం, బయటినుంచి పిలిపించిన నిపుణుడు పెదవి విరిచాడు.

"ఏడు వారాలుగా స్కానే లేదు. అంతకుముందు మాత్రం ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. ఎవరు చేసేవారు?"

"మన నత్తసారే," అన్నాడు వాచ్‌మన్.

పెద్దసారు తలెత్తాడు.

"వాడెందుకొస్తాడు? వాణ్ని పోయినేడు వరద నెలలోనే ఉద్యోగంలోంచి తీసేశాం కదా!"

ఆ సాయంత్రం వాచ్‌మన్ మెయిన్ దించలేదు.

మర్నాడు ఆదివారం పొద్దున్నే వచ్చి, గేటు బార్లా తీసి, తన కుర్చీ లోపల కంప్యూటర్ల ముందు వేసి, తాను గేటు దగ్గర నిలబడ్డాడు.