మూడేళ్ళ కాగితం

“ఖాళీగా ఇచ్చేస్తావా ఏంటక్కా? ఏదో ఒకటి రాయి,” అంది మెరిలిన్, కాగితాన్ని ఏవిస్ ముందుకి తోస్తూ.

ఆస్ట్రేలియాలో, గిప్స్‌లాండ్‌ ప్రాంతంలోని ఆ ఊళ్ళో పాత వెన్న ఫ్యాక్టరీని చిత్రకారుల గదులుగా మార్చి తొమ్మిదేళ్ళయింది. మూడేళ్ళకోసారి ఎవరి గదిలో వాళ్ళు నిలబడి, వచ్చే మూడేళ్ళలో ఏం సాధించదలచుకున్నారో కమిటీకి చదివి వినిపించాలి. స్పష్టంగా చెప్పగలిగితే గది ఉంటుంది. లేకపోతే ఖాళీ చెయ్యాలి. కమిటీ రేపే వస్తోంది.

మెరిలిన్ కాగితం రెండు వైపులా నిండిపోయింది. మొదటి ఏడాది పన్నెండు పెద్ద చిత్రాలు, రెండో ఏడాది మెల్‌బోర్న్‌లో ప్రదర్శన. ఆస్పత్రి నుంచి తిన్నగా అక్క ఇంటికి వచ్చి చేరినప్పుడు ఆమె టీ కప్పు కూడా పట్టుకోలేకపోయేది. ఇక్కడ పక్క గది దొరికాకే మళ్ళీ కుంచె పట్టింది. మళ్ళీ తిట్టడమూ మొదలుపెట్టింది.

ఇప్పుడూ తిడుతోంది. పాల షెడ్ల బొమ్మలు వేసి శనివారం సంతలో అమ్ముకుంటూనే ఏవిస్ ముసలిదైపోతోందట. రోజుకి రెండు పూటలా ఎటు నడవాలో ఆవులకైనా తెలుసట.

ఏవిస్ కుంచెలు కడుగుతూ వింది. నీళ్ళ చల్లదనం చేతికి తెలియలేదు.

“అసలు నీకేం కావాలో నీకు తెలుసా?”

“తెలుసు.”

“అయితే రాయి.”

“రేపు చెప్తాలే.”

మర్నాడు కమిటీ పెద్ద మిసెస్ పాస్కో మరో ఇద్దరితో ఏవిస్ గదికి వచ్చింది. మెరిలిన్ గుమ్మం దగ్గర నిలబడింది. ఏవిస్ అందించిన కాగితం మీద పేరు తప్ప ఏమీ లేదు. మిసెస్ పాస్కో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కావాలంటే వారం గడువిస్తామంది. ఏవిస్ అక్కర్లేదంది. సాధించాలనుకున్నవేమీ లేవని, కరెంటు మీటరు అంకె చదివినట్టు చెప్పింది.

తర్వాత గోడ అవతల నుంచి మెరిలిన్ గొంతు వినిపించింది. మొదట వణికింది. మూడో ఏడాది దగ్గరకొచ్చేసరికి నిలదొక్కుకుంది. ఏవిస్ బొమ్మ నిలబెట్టే ఈజిల్ మడిచింది.

శుక్రవారానికల్లా ఆమె సామానంతా అయిదు అట్టపెట్టెల్లోకి వచ్చేసింది. పెట్టెలు కారు దాకా మోస్తున్నంతసేపూ మెరిలిన్ సణుగుతూనే ఉంది. వంటింటి బల్ల మీద బొమ్మలు ఎన్నాళ్ళు వేస్తావంది. కూరలు తరిగేదెక్కడంది. డిక్కీ మూసి, మొహం అటు తిప్పుకుంది.

“నాకే సిగ్గేస్తోందక్కా. తొమ్మిదేళ్ళ గదిని చేతులారా పోగొట్టుకున్నావు. ఇప్పటికైనా ఒక లక్ష్యం పెట్టుకో.”

“పెట్టుకున్నానే. అయిపోయింది కూడా.”

మెరిలిన్ తల కొట్టుకుని, రంగు ఆరిపోతోందంటూ తన గదిలోకి పరుగెత్తింది.

ఒక ఇంట్లోవాళ్ళకి ఇకనుంచి ఒక గదే ఇస్తామని కమిటీ ఏవిస్‌కి చెప్పిన కొత్త నిబంధన ఆమెకి తెలియదు.